పచ్చిరంగు

రాయపూరు శివార్లలోని ఉర్లా, సిల్తరా పారిశ్రామికవాడలలో ఎఱ్ఱగా కాలిన కడ్డీ రోలింగుమిల్లున దూరి సాగునట్లే, ప్రమాదవార్తయు ఆఫీసుగదులలో దూరి సాగి సాగి తీగవలె సన్నబడుచుండును. గాయపడినవాడు 48 గంటలు పనికి రాలేకున్నచో అధికారులకు తెలుపవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము విధించెను గదా. అందుచేత ఒకానొక మేనేజరుగారు అపారకరుణతో మఱునాడే వానిని జీపులో రప్పించి, కట్టుకట్టిన కుడిచేయి ఒడిలో నుండగా, ఎడమచేతి వ్రేలిముద్రతో హాజరు వేయించిరి. బొటనవ్రేలు పోయిన సంపాదనశక్తి నూటికి 30 పాళ్లు, చూపుడువ్రేలు పోయిన 14 పాళ్లు నశించునని 1923 నాటి పరిహారచట్టము లెక్కగట్టినది. (యంత్రమునకు కంచె వేయుడన్న ఫ్యాక్టరీల చట్టపు 21వ సెక్షను నెవ్వరు లెక్కగట్టిరి?) తనిఖీదారు వచ్చునాటికి యంత్రమునకు కొత్త తొడుగు, దానికి పచ్చరంగు, ఇంకను తడియారలేదు, "అయ్యా, రంగంటును" అని మేనేజరుగారు వారి చొక్కాను కాపాడిరి.