సగటు మధ్యవర్తి

ఊరి చివర కొత్త వెంచర్ పడిందంటే ఈయన అక్కడ వాలతాడు. చేతిలో చుట్ట టేపు, చెవి దగ్గర ఫోను. బీజగణితానికి పదో తరగతిలోనే దండం పెట్టేశానంటాడు కానీ పొద్దున లేస్తే ఆయన నోట పలికేది అదే. "ఎదురెదురు భుజాలు కలుపు, సగం చెయ్యి. రెండు సగాలూ గుణించి తొమ్మిదితో భాగించు. గజాలొచ్చేస్తాయి సార్!" ఎ, బి, సి, డి అని రాయడు, అంతే.

ఆయన దృష్టిలో వంకర స్థలమంటూ లేదు. ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటే గోముఖం, ఇంటికి శ్రేష్ఠం. తిరగేసి ఉంటే సింహముఖం, షాపులకు తిరుగులేదు. ఈశాన్యం సాగితే ఇక చెప్పనే అక్కర్లేదు, రేటు కూడా సాగుతుంది. రోడ్డు వెడల్పులో ఒక మూల పోయిన ప్లాటుకు మాత్రం మొత్తంలోంచి పోయిన ముక్కను తీసేయాలి. అక్కడే ఆయనకు మతిమరుపు. కూడికలు బ్రహ్మాండంగా వచ్చు.

ఒక ప్లాటు చూద్దాం. పడమర 30 అడుగులు, తూర్పు 60, దక్షిణం 40, ఏటవాలుగా పోయిన ఉత్తరం 50. దక్షిణపు మూలలు రెండూ మట్టానికి ఉన్నాయి. మనవాడి లెక్కలో 45ని 45తో గుణిస్తే 2025 చదరపు అడుగులు, అంటే 225 గజాలు.

కొనేవారి వెంట వచ్చిన ఎనిమిదో తరగతి అమ్మాయి బ్రోచర్ వెనక గీత గీసింది. 30 బై 40 దీర్ఘచతురస్రం, 1200. మిగిలింది లంబకోణ త్రిభుజం, 600. పడమర ఎక్స్, తూర్పు వై అనుకుంటే 40 ఎక్స్‌కు 20(వై - ఎక్స్) కలిపి 20(ఎక్స్ + వై). ఎలా చేసినా 1800 అడుగులే, 200 గజాలే.

"పాపా, అది బళ్లో లెక్క. ఇది మార్కెట్ లెక్క" అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా.

తొణకనక్కర్లేదు మరి, ఆయన వంశం పాతది. ఈజిప్టులో ఎడ్ఫు ఆలయం గోడల మీద చెక్కిన భూముల లెక్కల్లో ఇదే పద్ధతి ఉంది. అక్కడి వాళ్లు త్రిభుజాన్నీ వదల్లేదు, నాలుగో భుజం 'ఏమీ లేదు' అని రాసి సగటు తీసేశారు. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో దీన్ని స్థూల ఫలమని చెప్పి, పక్కనే సూక్ష్మ ఫలానికి వేరే సూత్రం ఇచ్చాడు. మనవాడు స్థూలం దగ్గరే ఆగాడు. ఈ సగటు దీర్ఘచతురస్రానికి మాత్రమే సరిగ్గా సరిపోతుంది. ఏ మూల వంకరపోయినా వచ్చేది ఎక్కువే, ఎన్నడూ తక్కువ రాదు. అందుకే అమ్మేవాళ్లకు ఈయనంటే అంత అభిమానం.

తను కొనేటప్పుడు మాత్రం స్థలాన్ని శుభ్రంగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కా విడివిడిగా లెక్కగడతాడు. బీజగణితం అప్పుడు గుర్తొస్తుంది.

నాలుగు భుజాలు తెలిసినంత మాత్రాన వైశాల్యం తేలదు, ఒక కర్ణం కూడా కొలవాలి. పై ప్లాటులో ఆగ్నేయం నుంచి వాయవ్యానికి టేపు పడితే 50 అడుగులు. రెండు త్రిభుజాలూ, 1800 అడుగులూ తేలిపోతాయి. గజం ఇరవై వేలైతే ఆ 25 గజాల గాలి విలువ 5 లక్షలు. కాబట్టి అడ్వాన్స్ ఇచ్చేముందు టేపు మూల నుంచి మూలకు ఒకసారి పట్టించండి. ఆయనేమీ నొచ్చుకోడు, రెండో కొస తనే పట్టుకుంటాడు.