అంకె మాది, వేగం మీ అదృష్టం

పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం ఎలా చెబుతారో, ఆన్‌లైన్‌లో ర్యామ్ స్పీడు అలా చెబుతారు. "పద్దెనిమిది లక్షల ప్యాకేజీ" అంటారు. అందులో బోనసు వస్తే వచ్చేది ఎంత, నాలుగేళ్లు అక్కడే పడుంటే దక్కే షేర్లు ఎంత, ఒకటో తారీఖున చేతికొచ్చేది ఎంత అన్నవి అప్పగింతలయ్యాక తెలుస్తాయి. ర్యామ్ ప్యాకెట్ మీద 3600 అని ఉంటుంది. లోపల పరిగెత్తేది 2133 అన్న సంగతి కేబినెట్‌కి మర బిగించాక తెలుస్తుంది. అబ్బాయి విషయంలో అయితే నిలదీయడానికి మధ్యవర్తి దొరుకుతాడు. ఇక్కడ చాట్‌బాట్ దొరుకుతుంది.

అమ్మకం పేజీ ఒకసారి తెరవండి. సరుకు పేరే నాలుగు వరసలు: గేమింగ్ డెస్క్‌టాప్ ర్యామ్, 16 జీబీ, డీడీఆర్4, 3600 మెగాహెర్ట్జ్, రంగుల లైట్లు, అల్యూమినియం తొడుగు. ఆ 3600 ఏ బోర్డు మీద వస్తుంది, ఏ ప్రాసెసర్‌తో వస్తుంది, ఏం చేస్తే వస్తుంది అన్నది కావాలంటే కిందికి జరుపుకుంటూ పోవాలి. దారిలో బ్యాంకు ఆఫర్లు, వడ్డీ లేని వాయిదాలు, దీంతో కలిపి కొంటున్నారంటూ ఒక కీబోర్డు బ్రష్షు. ఇవన్నీ దాటితే ప్రశ్నలూ జవాబులూ వస్తాయి. "ఇది నా లాప్‌టాప్‌కి సరిపోతుందా?" అని ఒకాయన అడుగుతాడు. "తెలియదండీ, మా అబ్బాయి కోసం కొన్నాను, ఇంకా ప్యాకెట్ విప్పలేదు" అని ఎవరో ఒకావిడ జవాబిస్తుంది. ఆ పేజీ మొత్తం మీద పూర్తి నిజం చెప్పిన మనిషి ఆవిడే.

ఇక సమీక్షల్లోకి వెళితే ఒంటి నక్షత్రం వీరులు కనిపిస్తారు. "మోసం! 3200 అని చెప్పి 1600 పంపారు" అని వేగం చూపించే సీపీయూ-జెడ్ సాఫ్ట్‌వేర్ ఫొటో పెట్టి మరీ తిడతారు. పాపం, వాళ్లు తిడుతున్నది ఆ పేజీలో ఉన్న ఒకే ఒక్క అమాయకుణ్ణి, ఆ 1600ని. డీడీఆర్ మెమరీ ఒక గడియారపు దెబ్బకి రెండుసార్లు డేటా పంపుతుంది. గడియారం 1600 మెగాహెర్ట్జ్ మీద కొట్టుకుంటుంటే, సెకనుకు జరిగే బదిలీలు 3200 మిలియన్లు. కాబట్టి 3200 పక్కన రాయాల్సింది మెగాహెర్ట్జ్ కాదు, సెకనుకు మెగాట్రాన్స్‌ఫర్లు అని. అలా రాస్తే ఎవరికీ అర్థం కాదని వ్యాపారులకి భయం. మెగాహెర్ట్జ్ అని రాస్తే అందరికీ తప్పుగా అర్థమవుతుంది, దాంతో వాళ్లకి పేచీ లేదు. చిన్న అబద్ధం మీద అరుపులన్నీ అయిపోతాయి గనక పెద్దది నిశ్శబ్దంగా బతికేస్తుంది.

పెద్దది ఇదీ. మెమరీకి ప్రమాణాలు నిర్ణయించేది జెడెక్ అనే సంస్థ. 2012లో అది డీడీఆర్4 ప్రమాణం ప్రకటించింది. 1.2 వోల్టుల మీద నడిచే ఆ తరానికి అధికారికంగా ఉన్న పైమెట్టు 3200. 3600, 4000 అనేవి ఆ పట్టికలోనే లేవు. అవి ఓవర్‌క్లాకింగ్ అంకెలు, అంటే ప్రమాణం దాటించి పరిగెత్తిస్తే వచ్చేవి. ప్రతి ర్యామ్ స్టిక్ మీదా తన జాతకం రాసుకున్న ఓ చిన్న చిప్ ఉంటుంది, దాన్ని ఎస్‌పీడీ అంటారు. కంప్యూటర్ లేవగానే మదర్‌బోర్డు అది చదివి, క్షేమమైన వేగం ఏదుంటే దాని మీద నడిపిస్తుంది. ప్యాకెట్ మీద 3600 ఉన్నా, జాతకంలో క్షేమమైన వేగం 2133 అని, 2400 అని, 2666 అని ఉండొచ్చు. ప్యాకెట్ మీది వేగం కావాలంటే అదే చిప్‌లో పక్కన దాచిన ఇంకో ప్రొఫైల్‌ని మనం వెళ్లి లేపాలి. దాని పేరు ఎక్స్‌ఎంపీ, ఇంటెల్ 2007లో తెచ్చింది. ఏఎండీ 2022లో డీడీఆర్5 కోసం ఎక్స్‌పో అని తనదొకటి తెచ్చింది.

లేపడం ఎలాగంటే, స్విచ్చు వేయగానే డిలీట్ మీట టపటపా కొడుతూ ఉండాలి. కొన్ని బోర్డులకి ఎఫ్2. క్షణం ఆలస్యమైతే విండోస్ తెరుచుకుంటుంది, మళ్లీ మొదటికి. సరిగ్గా పడితే విమానం కాక్‌పిట్‌లాంటి తెర ఒకటి వస్తుంది, అదే బయోస్. అందులో ఓ మూల "ఎక్స్‌ఎంపీ: డిజేబుల్డ్" అని ఉంటుంది. ప్రొఫైల్ 1 ఎంచి, ఎఫ్10 కొడితే వోల్టేజీ 1.2 నుంచి చాలా కిట్లలో 1.35కి లేస్తుంది, తెర నల్లబడుతుంది, ఫ్యాన్లు గుయ్యిమంటాయి, ఆగుతాయి, మళ్లీ గుయ్యిమంటాయి. ఇంట్లోవాళ్లంతా వెనక నిలబడి "ఏం చేశావురా?" అంటుంటారు. బోర్డుకి నచ్చితే 3600. నచ్చకపోతే ఏమీ ఎరగనట్టు మళ్లీ 2133 దగ్గరే లేచి కూర్చుంటుంది. పట్టికలో లేని వేగం కొని బయోస్ తెరవనివాళ్లు డబ్బు 3600కి కట్టి, 2133 మీద హాయిగా ఉన్నారు. లైట్లు మాత్రం బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి.

బయోస్ తెరిచే ధైర్యం చేసినవాళ్లకీ ఒక బహుమానం ఉంది. ప్రకటించిన పరిమితులు దాటి ఓవర్‌క్లాక్ చేస్తే, అది తామిచ్చిన హార్డ్‌వేర్‌తో, తామిచ్చిన సాఫ్ట్‌వేర్‌తో చేసినా సరే, వారంటీ చెల్లదని ఏఎండీ తన పేజీల అడుగున రాసుకుంది. గడియారం, వోల్టేజీ మారిస్తే వారంటీ పోవచ్చని ఇంటెల్ కూడా హెచ్చరిస్తుంది. పెట్టె మీద ముద్ర వాళ్లదే, మీట పెట్టిందీ వాళ్లే, నొక్కిన వేలు మాత్రం మనది.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కౌంటర్ మీద ర్యామ్ అడిగితే కుర్రాడు ముందు "బోర్డు ఏందన్నా?" అంటాడు. ఆ కుర్రాడు సత్యహరిశ్చంద్రుడేమీ కాదు, వాడికీ అమ్ముకోవాల్సిన పాత సరుకు ఉంటుంది. అయినా ఆ ప్రశ్న అడుగుతాడు. ఎందుకంటే ఇంటెల్ హెచ్610 చిప్‌సెట్ ఉన్న చవక బోర్డుల్లో మెమరీ ఓవర్‌క్లాకింగ్‌కే వీల్లేదు. అక్కడ డీడీఆర్4 ఎంత ఖరీదైనది పెట్టినా 3200 దగ్గర ఆగాల్సిందే. బీటెక్ పిల్లలు లాప్‌టాప్‌లో ఉన్న 2400 స్టిక్ పక్కన కొత్త 3200 పెడితే రెండూ 2400 మీదే నడుస్తాయి. చాలా లాప్‌టాప్‌ల బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అన్న మీటే ఉండదు. ఇంకో విచిత్రం: డీడీఆర్5 వాడే రైజెన్ 7000 డెస్క్‌టాప్ ప్రాసెసర్‌కి రెండు స్టిక్కులతో ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5200. ఆశపడి నాలుగు స్లాట్లూ నింపితే హామీ 3600కి పడిపోతుంది. అమ్మకం పేజీ మాత్రం "ఇంకో రెండు కలిపి కొనండి, ఐదు శాతం తగ్గింపు" అంటుంది.

వేగం అంకె నిజంగా దక్కినా అది సగం కథే. రెండో సగం పేరు సీఎల్. అడిగిన డేటా మొదటి ముక్క రావడానికి ఎన్ని గడియారపు దెబ్బలు ఆగాలో అది చెబుతుంది. లెక్క తేలిక: సీఎల్‌ని 2000తో హెచ్చవేసి స్పీడుతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. 3200 సీఎల్16కి 10 నానోసెకన్లు. అదే 3200 సీఎల్22కి 13.75. పేజీలో రెండింటికీ ఒకటే పెద్ద అంకె. కొత్త తరం అని ఎగబడి కొన్న తొలినాటి డీడీఆర్5 4800 సీఎల్40కి 16.67. ఇరవై ఏళ్ల కిందటి డీడీఆర్ 400 సీఎల్3 స్టిక్‌కి 15! న్యాయంగా చెప్పాలంటే ఆ ముసలిదానికంటే కొత్తది సెకనుకు పన్నెండు రెట్లు డేటా మోస్తుంది. కానీ మొదటి పిలుపుకి పలకడంలో ముసలిదే ముందు. ఈ ముక్క ఏ బ్యానర్ మీదా కనబడదు.

ఈ విద్య కొత్తదేం కాదు. అరచెయ్యంత స్పీకర్లకి పీఎంపీఓ పేరుతో వేల వాట్లు అంటించి మనకి టేప్ రికార్డర్లు అమ్మారు. ఇప్పుడు ఫోన్‌లో 8 జీబీ ర్యామ్ పెట్టి, స్టోరేజీలోంచి ఇంకో 8 అరువు తెచ్చి, "16 జీబీ" అని రాస్తున్నారు. చుక్క గుర్తు పెట్టి అడుగున చీమ అక్షరాల్లో వివరం రాస్తే పాపం పోతుందని వీళ్ల నమ్మకం.

ఆ నమ్మకం మీద అమెరికాలో ఎవరో కోర్టుకెక్కారు. 2022లో ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో ర్యామ్ అమ్మే కోర్సెయిర్ కంపెనీ మీద కేసు పడింది. ప్యాకెట్ మీది వేగం పెట్టగానే రాదు, బయోస్‌లో మార్పులు చేసుకోవాలన్న సంగతి చెప్పలేదన్నది ఆరోపణ. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు, 55 లక్షల డాలర్లకి రాజీ ఒప్పుకుంది. తర్వాత తైవాన్ కంపెనీ జీస్కిల్ కూడా అలాంటి కేసులోనే 24 లక్షల డాలర్లకి రాజీపడింది, అదీ తప్పు ఒప్పుకోకుండానే. ఇకమీదట అంకె ముందు "గరిష్ఠంగా" అని, పక్కన ఓవర్‌క్లాకింగ్ లేదా బయోస్ మార్పులు అవసరమని రాయడానికి రెండూ ఒప్పుకున్నాయి. పరిహారం అమెరికాలో కొన్నవాళ్లకే. హైదరాబాద్‌లో కొన్న మనకి దక్కేది ఈ వార్త చదివిన ఆనందం.

మనకి చట్టం లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. దాని కింద తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. కింద రాసే వివరణ పైన చేసిన ప్రచారానికి విరుద్ధంగా ఉండకూడదనీ, ప్రచారం ఏ భాషలో, ఏ ఫాంటులో ఉందో వివరణా అందులోనే ఉండాలనీ అవి చెబుతాయి. అలాంటి ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకి ఉంది. ఈ మార్గదర్శకాల్ని అక్షరాలా పాటిస్తే ర్యామ్ పేజీల్లో సగం ఖాళీ అవుతాయి.

అందాకా మీరు చేయగలిగింది చేయండి. కొనేముందు బోర్డు కంపెనీ సైటులో ఆ ర్యామ్ పేరు పరీక్షించిన జాబితాలో ఉందేమో చూడండి. పెట్టాక టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ తెరిచి స్పీడు చూడండి. ప్యాకెట్ అంకె రాకపోతే, అది బయోస్ మార్చితేనే వస్తుందని పేజీలో ఎక్కడా చెప్పకపోతే, పేజీ ఫొటో తీసి 1915కి ఫోన్ చేయండి. ఫిర్యాదులో 1600 గురించి మాత్రం రాయకండి. అది నిజమైన అంకె.