వైరింగు మాస్టారు

వైరింగు మాస్టారు ఉత్తరాంధ్ర అంతటా కనిపిస్తారు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనూ, పలాస, టెక్కలి, రాజాం, బొబ్బిలి లాంటి ఊళ్లలోనూ వీధికొకరు తప్పకుండా ఉంటారు. వృత్తిరీత్యా ఈయన మెకానిక్కు కారు, ఎలక్ట్రీషియనూ కారు. బడిపంతులో, బ్యాంకు గుమస్తానో, తహసీల్దారు ఆఫీసులో ఫైళ్లు చూసేవారో అయివుంటారు. మాస్టారన్నది ఉద్యోగం కాదు, వీధివాళ్లు ఇచ్చిన హోదా. ఇంటర్మీడియట్‌లో చదివిన ఓమ్ సూత్రం ఇప్పటికీ నోటికొచ్చు. సొంత బండికి లైటు వెలగకపోతే షెడ్డుకి తోలుకెళ్లడం ఆ చదువుకి తలవంపులని ఈయన నమ్మకం. డబ్బు మిగుల్చుకోవడానికి చేస్తారనుకుంటే పొరపాటు. ఒక ఆదివారం మరమ్మతుకి కొన్న బల్బులు, ఫ్యూజులు, టేపు, మధ్యలో మళ్లీ పరుగెత్తి తెచ్చిన ఇంకో టేపు కలిపి చూస్తే షెడ్డువాడి కూలి దాటిపోతుంది. కరెంటు ఒకవైపు నుంచి వెళ్లాలి, ఇంకోవైపు నుంచి తిరిగి రావాలి, అంతకు మించి ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదన్నది మాస్టారి సిద్ధాంతం. సిద్ధాంతం సరైనదే. చిక్కంతా అక్కడే.

పనిముట్లు రేకు బిస్కెట్ల డబ్బాలో ఉంటాయి. స్క్రూడ్రైవరుగానూ టెస్టరుగానూ పనికొచ్చే వస్తువొకటి, పిడి తొడుగు ఊడిన కటింగ్ ప్లయరు, సగం వాడిన నల్ల టేపు, ఏ బండివో తెలియని రెండు మూడు రిలేలు, పసుపు రంగు మల్టీమీటరు. మీటరులో బ్యాటరీ ఉండదు. వైరు తొక్క ఒలవడానికి ప్లయరు చేతిలోనే ఉన్నా మాస్టారు పళ్లే వాడతారు. కుడివైపు కోరపన్నుతో తొక్కను నొక్కిపట్టి, లోపలి తీగ తెగకుండా లాగడంలో ఈయన్ని మించినవారు షెడ్లలో కూడా లేరు. ఊడొచ్చిన తొక్కను తుపుక్కున ఉమ్మేసి, బయటపడ్డ రాగి పోగులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వత్తి చేసినట్టు పేనుతారు. పళ్ల డాక్టర్లు ఈ వ్యాపకం గురించి ఇంతవరకు నోరు విప్పకపోవడం ఆశ్చర్యమే.

ఇక్కడి గాలికీ ఈ తరహా మనుషులు వృద్ధి చెందడానికీ సంబంధం ఉంది. ఒక్క శ్రీకాకుళం జిల్లాకే సుమారు 190 కిలోమీటర్ల సముద్ర తీరం. ఉప్పుగాలిలోని తేమ స్విచ్చుల్లోకి, కప్లర్లలోకి దూరి రాగికి పచ్చటి చిలుము పట్టిస్తుంది. చిలుము పట్టిన అతుకు దగ్గర కరెంటుకి అడ్డు పెరిగి, 12 వోల్టుల్లో ఒకటో రెండో అక్కడే హరించుకుపోతాయి. కళింగపట్నం వైపో బారువ వైపో రోజూ తిరిగే బండికి ఈ జబ్బు ముందుగా వస్తుంది. ఆపైన తుపాన్లు. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనూ తడిపి వదిలింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది, ఉద్దానం ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ చీకట్లో తన బండి బ్యాటరీతో వీధిలో ఫోన్లన్నిటికీ ఛార్జింగు పెట్టిన చరిత్ర ఆ వైపు మాస్టార్లలో ప్రతివారికీ ఉంటుంది. అడగకపోయినా చెబుతారు. నీళ్లలో నానిన బండికి మొదట చేయాల్సింది బ్యాటరీ తీగ ఊడదీసి, కప్లర్లు విప్పి ఆరబెట్టడం. మాస్టారు మొదట చేసేది తాళం తిప్పి చూడడం.

బండిలో కరెంటు పుట్టేది ఇంజను పక్కన తిరిగే మాగ్నెట్ దగ్గర. అక్కడి కాయిల్ ఇచ్చే ఏసీని రెక్టిఫైయరు డీసీగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజుకి, ఫ్యూజు నుంచి తాళానికి, అక్కడి నుంచి స్విచ్చుల మీదుగా బల్బులకీ హారన్‌కీ. తిరుగుదారి చివరికి బండి చట్రమే, దాన్నే ఎర్తు అంటారు. ఇంతవరకు మాస్టారు కాగితం మీద బొమ్మ వేసి మరీ చెప్పగలరు. అయితే 1994లో వచ్చిన హీరో హోండా స్ప్లెండర్ లాంటి పాత బండ్లలో ఒక మెలిక ఉంది. హెడ్‌లైటుకి బ్యాటరీతో పనిలేదు, మాగ్నెట్ ఏసీతోనే నేరుగా వెలుగుతుంది. అందుకే రేజ్ చేస్తే వెలుగు పెరుగుతుంది, వదిలేస్తే మసకబారుతుంది. బ్యాటరీ కావలసింది హారన్‌కీ ఇండికేటర్లకీ. హెడ్‌లైటు వెలగడం లేదని మాస్టారు వేలు పోసి కొత్త బ్యాటరీ కొనడం ఈ మెలిక వల్లే. లైటు అప్పటికీ వెలగదు, హారన్ మాత్రం నాలుగు వీధులకు వినిపిస్తుంది. సగం పని అయిందంటారు.

మాస్టారి కష్టాలకి అసలు మూలం ఇంటి వైరింగు బాగా తెలిసి ఉండడం. ఇళ్లలో వాడే టెస్టరులో ఉండేది నియాన్ బల్బు. అది వెలగాలంటే 60 వోల్టులకు పైగానే కావాలి. ప్లగ్గు పాయింటులో 230 వోల్టులకి ఎర్రగా వెలిగే ఆ బల్బు, 12 వోల్టుల బ్యాటరీకి కన్ను కూడా తెరవదు. నిండుగా ఉన్న బ్యాటరీ ప్లస్సు మీద టెస్టరు ఆనించి, పైకొన మీద బొటనవేలు పెట్టి, ఎండ పడకుండా ఇంకో చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లు చికిలించి చూసి, బ్యాటరీలో చుక్క కరెంటు లేదని మాస్టారు తేల్చేస్తారు. షెడ్డులో కుర్రవాడైతే ఒక ఇండికేటర్ బల్బుకి రెండు తీగలు తగిలించి, ఒకటి చట్రానికీ ఒకటి అనుమానం ఉన్న చోటుకీ ఆనించి చూస్తాడు. వెలిగితే కరెంటు అక్కడిదాకా వచ్చినట్టు, వెలగకపోతే వెనక్కి వెతకాలి. అంత చవక సామాను మాస్టారికి శాస్త్రీయంగా తోచదు.

రంగులదీ అదే కథ. ఇంట్లో నల్ల తీగ న్యూట్రల్, పచ్చది ఎర్తు. హోండా వంశపు బండ్లలో పచ్చది ఎర్తే గానీ, నల్లది తాళం తిప్పగానే కరెంటు పారే తీగ. బజాజ్ బండ్లలో ఎర్తుకి నలుపు మీద పసుపు గీత ఉంటుంది. నల్లదాన్ని న్యూట్రల్ అనుకుని చట్రానికి బిగించిన మరుక్షణం ఫ్యూజు పోతుంది. దాని స్థానంలో ఇంకో ఫ్యూజు, అదీ పోయాక సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం. మాస్టారు సిగరెట్టు ముట్టరు, కాగితం ఎదురింటి నుంచి వస్తుంది. ఏ పదో పదిహేనో ఆంపియర్లు దాటితే తెగిపోవాలని పెట్టిన ఫ్యూజు తెగకుండా చేస్తే, దాని బదులు తీగలు వేడెక్కుతాయి. ట్యాంకు కింద ఒకే కట్టగా పోయే తీగల తొక్కలు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఆ తరవాత ఎడమ ఇండికేటర్ వేస్తే బ్రేకు లైటు మినుకుమంటుంది. నవ్వులాట పక్కన పెడితే, పెట్రోలుకి బెత్తెడు దూరంలో తీగలు కాలడం ప్రాణాల మీదికి తెచ్చే పని. మాస్టారి విద్యలన్నిట్లో క్షమించరానిది ఈ వెండికాగితమే.

పని నడిచేది ఇంటి ముందు, వీధిలో. పెరట్లోనూ చోటుంటుంది గానీ పెరట్లో చూసేవాళ్లుండరు. హెడ్‌లైటు డూమ్ విప్పగానే లోపల కుక్కి ఉన్న తీగలన్నీ బయటికి జారి హ్యాండిల్ కింద వేలాడతాయి. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపుతారు.

"ఏటి మాస్టారూ, బండి మొత్తం ఇప్పీసినారేటి?"

"ఏటీ నేదు. చిన్న లూజ్ కాంటాక్టు."

పొద్దున్న ఎనిమిదికీ, మధ్యాహ్నం రెండింటికీ, దీపాలవేళకీ ఇదే జవాబు. ఆగినవాళ్లలో ఒకరు సీడీఐ పోయిందంటారు, ఇంకొకరు కాయిలంటారు, మూడోవారు ఇలాంటిదే తమ బావగారి బండికి వస్తే అమ్మేశారని చెబుతారు. ఇంట్లోంచి గొంతు వినిపిస్తుంది: "ఏటండీ, రేపు డ్యూటీకి బస్సులో ఎల్తారా, నేదంటే మా తమ్ముడికి ఫోను సెయ్యమంటారా?" బావమరిదికి కొత్త బండి ఉంది. మాస్టారు దానికి జవాబు చెప్పరు, మల్టీమీటరు తీస్తారు. చీకటి పడేసరికి బండి కిక్కుకీ పలకకపోతే తోసే బాధ్యత వీధి గుంటలది. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు కదలబోయే మోటారు కార్లను పట్టి ఆపేవారని ప్రసిద్ధి. ఆ గడ్డ మీదే ఒక్క మోటారు సైకిలు కదలడానికి అరడజనుమంది కావలసివస్తోంది.

నిజానికి జబ్బు చాలాసార్లు రెండే చోట్ల ఉంటుంది. ఒకటి హ్యాండిల్ మెడ దగ్గర. హ్యాండిల్ తిప్పిన ప్రతిసారీ అక్కడ తీగల కట్ట వంగుతుంది, కొన్నేళ్లకి పైన తొక్క బాగానే ఉండి లోపలి రాగి తెగుతుంది. ఎడమకి తిప్పితే హారన్ మోగి, కుడికి తిప్పితే మూగబోవడం దీని గుర్తు. రెండోది ఎర్తు. చట్రానికి తీగ బిగించిన బోల్టు తుప్పుపడితే కరెంటుకి తిరుగుదారి మూసుకుపోతుంది, అది ఇంకో బల్బు గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది. అప్పుడు బ్రేకు తొక్కితే ఇండికేటర్లు మసగ్గా వెలుగుతాయి, ఇండికేటర్ వేస్తే వెనక లైటు కొట్టుకుంటుంది. ఎన్ని బల్బులు మార్చినా లాభం లేదు. బోల్టు విప్పి, కింద చట్రాన్ని ఉప్పుకాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగిస్తే చాలు. మాస్టారు ఇది కనిపెట్టి పది నిమిషాల్లో బాగుచేసిన రోజులూ లేకపోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. అయితే అంత తేలిగ్గా తేలిన పని తృప్తినివ్వదు. ఇంతేనా అని అనుమానం వచ్చి, పనిలో పనిగా వెనక ఇండికేటర్ కూడా విప్పుతారు.

తెగిన తీగను సోల్డరు చేసి, వేడికి బిగుసుకునే స్లీవు తొడగాలి. మాస్టారు మెలిపెట్టి టేపు చుడతారు. రోహిణీ కార్తెలో ఆ టేపు జిగురు కరిగి జారిపోతుంది, దాని మీద ఇంకో టేపు పడుతుంది.

2017 ఏప్రిల్ 1 నుంచి ఇంజను తిరిగినంతసేపూ హెడ్‌లైటు వెలిగే బండ్లు వచ్చాయి, లైటు స్విచ్చు మాయమైంది. పట్టపగలు ఎదురొచ్చేవాళ్లంతా పిడికిలి మూసి తెరిచి సైగ చేయడం, ప్రతివారికీ తలూపి తలూపి మాస్టారి మెడ పట్టేయడం జరిగాయి. దాంతో సొంతంగా స్విచ్చు పెట్టడం మొదలైంది. పెట్టేది ఇంట్లో బెడ్‌లైటుకి వాడగా మిగిలిన స్విచ్చు, వేసేది పాత సెల్ ఛార్జరు తీగ. 35 వాట్ల బల్బు 12 వోల్టుల మీద దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది కాబట్టి ఆ సన్నటి తీగ వేడెక్కుతుంది. మాస్టారు అది గమనిస్తారు కూడా. గాలి తగులుతుందని దాన్ని బయటికి తీసి హ్యాండిల్‌కి చుడతారు.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక చాలా బండ్లలో కార్బురేటరు పోయి, పెట్రోలు చల్లే పని కంప్యూటరు చేతికి వెళ్లింది. పాత బండ్లలో చాలావాటికి బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే ఇంజను అందుకునేది. కొత్తవాటిలో పెట్రోలు పంపు తిరగడానికే బ్యాటరీ కావాలి. తాళం ఆన్‌లో ఉండగా సెన్సారు కప్లరు పీకి చూస్తే మీటరులో పసుపు రంగు ఇంజను బొమ్మ వెలుగుతుంది. ఇంజను బాగా పనిచేస్తోందనడానికి అది గుర్తని మాస్టారు వీధివాళ్లకి చెబుతారు.

చివరికి బండి షెడ్డుకి వెళ్తుంది. బావమరిది తాడు కట్టి లాక్కెళ్తాడు. మెకానిక్కు సీటు ఎత్తి, టేపు చుట్టల వంక కాసేపు చూసి అడుగుతాడు: "ఇంటికాడ ఎవులైనా సెయ్యెట్టినారా?" పాత ఓనరు పని అని మాస్టారు చెబుతారు. బండి షోరూములో కొన్నది. మెకానిక్కు మారు మాటాడకుండా, వైరింగు కిట్టు మొత్తం మార్చాలంటాడు. దానికి ఒక పూట పడుతుంది. ఆ పూటంతా మాస్టారు పక్కనే స్టూలు వేసుకుని ఏ తీగ ఎక్కడికో చెబుతూ ఉంటారు. పని అయ్యాక తాళం తిప్పితే అన్నీ వెలుగుతాయి. కూలి దగ్గర మాస్టారు బేరమాడరు. అడిగేది పాత కిట్టు.

"ఆ వైర్లు పారీయకు బావూ, పనికొస్తాయి."

మెకానిక్కు దాన్ని సంచిలో కుక్కి ఇస్తాడు, ఈ బండి దగ్గరికి మట్టుకు తేవద్దని బతిమాలుకుని.