మడి కట్టుకున్న 486

1993 డిసెంబరు 10న ఇడ్ సాఫ్ట్‌వేర్ సంస్థ విడుదల చేసిన డూమ్ ఆటను నేటి కంప్యూటరులో ఆడితే అది డూమే కాదని, 486 ప్రాసెసరు, పిక్చర్‌ట్యూబు మానిటరు, సౌండ్ బ్లాస్టర్ కార్డు గల పాత పెట్టెలోనే ఆట ‘అసలు’ రూపంలో దర్శనమిస్తుందని నమ్మే వర్గం ఒకటుంది. దండెం మీది మడిబట్టను ఎవరో తాకారని మళ్లీ తడిపి ఆరేసే ఇంట్లో వంట ఎప్పటికి పూర్తవుతుందో, ఈ వర్గం ఇళ్లలో ఆట అప్పటికి మొదలవుతుంది.

ఆ పెట్టెను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ పాలనలో ప్రోగ్రాములకు నేరుగా దొరికే మెమరీ 640 కిలోబైట్లు; మౌసును, సీడీ డ్రైవును నడిపే చిన్న ప్రోగ్రాములు కూడా అందులోనే చోటడుగుతాయి కనుక, కంప్యూటరు మేలుకోగానే చదివే రెండు ఫైళ్లలో వరుసలు అటూ ఇటూ జరుపుతూ మరో పది కిలోబైట్లు మిగిల్చుకోవడం వీరి నిత్యపూజ. (డూమ్ ఈ ఇరుకును దాటే ఏర్పాటుతోనే వచ్చింది గానీ, ఆచారానికి మినహాయింపులుండవు.) ఆ తర్వాత సౌండు కార్డు ప్రాసెసరును పిలిచే గీతకు, అంటే ఇంటరప్టుకు, 5వ సంఖ్య తగునా 7వది తగునా అన్న శాస్త్రచర్చ. నాటివారు తిట్టుకుంటూ చేసిన చాకిరీకి ఇప్పటి పేరు అనుభూతి. ఆ రోజుల్లో 386 మీద ఆట నత్తనడక నడుస్తుంటే బొమ్మను అగ్గిపెట్టెంతకు కుదించుకుని ఆడినవాడికి వేగమైన యంత్రం ఇస్తే, అనుభూతి చెడుతుందని వద్దనేవాడా?

చిక్కంతా ‘అసలు’ అన్న మాటతోనే. డూమ్ పుట్టింది డాస్ యంత్రం మీద కాదు, స్టీవ్ జాబ్స్ స్థాపించిన నెక్స్ట్ సంస్థ వర్క్‌స్టేషన్ల మీద. 486కు అది వలస వచ్చిన ఆట. 1997 డిసెంబరులో తయారీదారులే దాని సోర్సు కోడును, అంటే ప్రోగ్రాము మూలపాఠాన్ని, లోకానికి వదిలారు. అదీ లినక్స్ రూపంలో, ఎందుకంటే డాస్ రూపంలో శబ్దాన్ని పలికించే భాగం వేరొకరి సొత్తు. కన్నవారు పాటించని మడిని భక్తులు పాటిస్తున్నారు.

పిక్చర్‌ట్యూబు వాదంలో కొంత న్యాయముంది: 320 చుక్కల వెడల్పు, 200 చుక్కల ఎత్తు గల ఆ బొమ్మ 4:3 తెర మీద నిలువుగా సాగి కనబడాలి, చదరపు చుక్కలుగా చూపితే రాక్షసులు పొట్టివాళ్లవుతారు. అయితే దానికి ఒక సెట్టింగు చాలు.

ఇక పెట్టె మూత తీస్తే కనిపించేది వేరు. పాత హార్డుడిస్కు ప్రాణం విడిచి ఉంటుంది, మదరుబోర్డు మీది బ్యాటరీ కారి రాగి దారులను తినేసి ఉంటుంది. అందుకే డిస్కు స్థానంలో కెమెరాల్లో వాడిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు, ఫ్లాపీ స్థానంలో పెన్‌డ్రైవును ఫ్లాపీగా నమ్మించే పరికరం వచ్చి కూర్చుంటాయి. కార్డు చప్పుడు చేయదు కనుక, మనసు కుదరని భక్తులు హార్డుడిస్కు తిరుగుతున్నట్టు టిక్కుటిక్కుమనే సర్క్యూటు పలకను కొని తగిలిస్తారు. పక్కనున్న ల్యాప్‌టాపులో డాస్ యంత్రాన్ని అనుకరించే డాస్‌బాక్స్ మాత్రం, పాపం, నకిలీ.