అలాస్ సారు

జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోనూ, మెట్‌పల్లి, కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళలోనూ కనిపించే పెద్దమనుషుల్లో అలాస్ సారుది ఒక ప్రత్యేకమైన తెగ. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి, ఉద్యోగం నుంచి విరమించినా ఇంగ్లీషు నుంచి విరమించని ఈ సారు, చావు కబురు మొదలు మక్కల ధర పడిపోవడం దాకా ఏ నష్టం జరిగినా 'అలాస్' అనే ఒక్క మాటతోనే సంతాపం ప్రకటిస్తారు.

ఇంగ్లీషువాళ్ళు ఇప్పుడు ఆ మాటను ఎక్కువగా రాతలోనో, సగం వెటకారంగానో వాడుతున్నారు గానీ, సారుకు అది వ్యాకరణం. 1930లలో వచ్చిన రెన్, మార్టిన్‌ల వ్యాకరణ పుస్తకం మీద పెరిగిన తరానికి ఇంటర్జెక్షన్, అంటే మనసులోని ఉద్వేగం ఉన్నట్టుండి బయటపడే మాట, రెండే సందర్భాల్లో అవసరమయ్యేది: ఆటలో గెలిస్తే హుర్రా, మనిషి పోతే అలాస్. ఒకరన్న మాటను మరొకరు చెప్పే ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చేటప్పుడు ఆ అలాస్‌ను కొట్టేసి 'దుఃఖంతో అన్నాడు' అనే అర్థం వచ్చేలా రాస్తే మార్కు పడేది కనుక, ఆ పిల్లలు శోకాన్ని కూడా మార్కుల లెక్కనే నేర్చుకున్నారు.

సారు సంతాపానికి సాక్షులు ఫ్లెక్సీలు. ఒక పెద్దాయన పోయినప్పుడు, కన్నీటి శ్రద్ధాంజలికి పైన అలాస్ అని ఉండి తీరాలని సారు ఫోన్‌లో పట్టుబట్టగా, స్పెల్లింగు తప్పు చెప్పారనుకున్న ఫ్లెక్సీల దుకాణం కుర్రవాడు మర్యాదగా దిద్ది 'అట్లాస్' అని అచ్చేశాడు. చూడవచ్చిన దూరపు చుట్టాలు పోయినాయనకు అట్లాస్ సైకిళ్ళ దుకాణం ఉండేదనుకుని, అది ఇక ఎవరు నడుపుతారని ఆరా తీశారు. సారు మాత్రం ఆశ్చర్యార్థకం పెట్టలేదని నొచ్చుకున్నారు.

ఇంట్లో ఈ మాటకు చెల్లుబాటు తక్కువ. పాలు విరిగాయని సారు అలాస్ అంటే, "గా అలాస్ తర్వాత సూద్దాం గని, ముంగట ఇంకో పాకిట్టు తేండ్రి" అనే జవాబు వంటింట్లోంచి వస్తుంది. దుబాయి నుంచి సెలవుకు వచ్చిన మేనల్లుడు, వీసా రద్దయినా, జీతం ఆగినా, అరబ్బులతో మెలిగి నేర్చిన 'ఖల్లీ వల్లీ', అంటే పోతేపోనీ, అనేసి నిశ్చింతగా నిద్రపోతాడు. అయితే ఆ మేనల్లుడి తండ్రి పోయిన రాత్రి, ఇంగ్లీషులో కంపెనీ మేనేజరుకు సెలవు దరఖాస్తు రాసిపెట్టిందీ, అందులో ఒక్క అలాస్ కూడా లేకుండా జాగ్రత్తపడిందీ సారే.

జగిత్యాల జిల్లా ఏర్పడిన 2016లోనే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 'అయ్యో'ను ఇంగ్లీషు మాటగా చేర్చుకుంది. ఈ కబురు తెలిసిన సారు ముందు అలాస్ అని, తర్వాత తీవ్రమైన ఆలోచనలో పడ్డారు: అయ్యోను ఇన్‌డైరెక్ట్ స్పీచ్‌లోకి మార్చాలంటే దుఃఖంతో అని రాయాలా, జాలితోనా, కంగారుతోనా, దేనికి మార్కు వేయాలి? మేనల్లుడిని అడిగితే ఖల్లీ వల్లీ అన్నాడు.