పేరున్న బోర్డు

మోకాళ్ళ నొప్పులు, సామాను బరువు, అర్ధరాత్రి దిగడం. శంషాబాద్‌లో విమానం దిగి ఇంటికి రావడానికి ఊళ్ళో ఇన్ని బళ్ళుండగా, ముందే ప్రైవేటు కారు మాట్లాడి పెట్టుకోవడం దేనికని ఎవరైనా అడిగితే ఈ మూడూ అప్పజెబుతాను. అబద్ధాలేం కావు. అసలు సంగతి మాత్రం వేరే ఉంది, అది మా ఆవిడకు తెలుసు. ఏ పేరంటంలోనో ఆవిడ బయటపెట్టేలోపు నేనే చెప్పేసుకుంటే కాస్తయినా పరువు దక్కుతుందని ఆశ.

విమానాశ్రయంలో బయటికొచ్చే గుమ్మం దగ్గర, కడ్డీకి అవతల, నా పేరు రాసిన బోర్డు పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉండాలి. నాక్కావలసింది అంతే.

ఈ జబ్బు బేగంపేట నాటిది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచేదాకా మా ఊరికి విమానాలన్నీ బేగంపేటలోనే దిగేవి. అమెరికా నుంచి ఒక్క మనిషి వస్తున్నాడంటే జీపుల నిండా చుట్టాలు బయల్దేరేవాళ్ళు. బావమరిది వచ్చినా, తోడల్లుడు వచ్చినా కడ్డీ పట్టుకుని వేలాడే బాధ్యత నాది. నా పక్కనే హోటళ్ళవాళ్ళూ కంపెనీలవాళ్ళూ ఇస్త్రీ చొక్కాల్లో బోర్డులు పట్టుకుని నిలబడేవారు. లోపల్నుంచి ఒక పెద్దమనిషి చిన్న బ్రీఫ్‌కేసుతో వచ్చేవాడు. బోర్డుల వరస మీదుగా చూపు జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపి, తల ఒక్క అంగుళం కిందికి ఊపేవాడు. మాటా లేదు, పలుకూ లేదు. బోర్డువాడు పరుగున వచ్చి బ్రీఫ్‌కేసు అందుకునేవాడు. ఇంతలో మా బావమరిది మూడు పెట్టెలతో, చంకలో పిల్లాడితో, వీపున డైపర్ల సంచితో వచ్చేవాడు. నేను నా ఊహల్లోంచి తేరుకుని పెట్టెలు మోసేవాణ్ణి.

ఆ తల ఊపడం మాత్రం నా మనసులో నాటుకుపోయింది. ఇంటికొచ్చి అద్దం ముందు సాధన చేశాను. మా ఆవిడ చూసి, మెడ పట్టేసిందనుకుని అమృతాంజనం తెచ్చి రాసింది.

మొన్న డాలస్‌లో మావాడి దగ్గర కొన్నాళ్ళు ఉండి తిరిగొచ్చేటప్పుడు ఈ కోరిక తీర్చుకుందామని నిశ్చయించుకున్నాను. ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. మావాడు, "ఎందుకు నాన్నా, దిగాక యాప్‌లో పిలిస్తే ఐదు నిమిషాల్లో వస్తుంది" అన్నాడు. ఇన్ని నెలలు మూసిపెట్టిన ఇండియా సిమ్ము అక్కడ పలుకుతుందో లేదో, అది పలక్కపోతే ఓటీపీ రాదు, ఓటీపీ రాకపోతే ఎయిర్‌పోర్టు వైఫై లేదు, వైఫై లేకపోతే యాప్ లేదు, యాప్ లేకపోతే నువ్వు లేవు అని వాదించి గెలిచాను. వాడు నోరు మూసుకుని అమెజాన్‌లో ఏదో చూసుకుంటూ ఉండిపోయాడు.

మా ఆవిడ అంత తేలిగ్గా పడే మనిషి కాదు. మా ఇల్లు కర్మన్‌ఘాట్. శంషాబాద్ నుంచి ఆర్టీసీవాళ్ళ పుష్పక్ బస్సు ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట మీదుగా ఎల్బీనగర్ పోతుంది. సాగర్ రింగురోడ్డు దగ్గర దిగితే మా సందుకి ఆటో. ఏసీ బస్సు, పెట్టెలు పెట్టుకోవడానికి చోటుంటుంది, ఇద్దరికీ కలిపినా కారుకయ్యే దాంట్లో సగం కూడా కాదు.

"రాముడంతటివాడే లంక నుంచి పుష్పకంలో వచ్చాడు. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదట. మీకు మాత్రం ఇన్నోవా కావాలా?" అంది.

"రాముడు వచ్చేసరికి భరతుడు పాదుకలు నెత్తిన పెట్టుకుని ఎదురుగా నిలబడ్డాడే. అంతకు మించిన బోర్డేముంది? పుష్పకం ఎక్కడానికి నాకేం అభ్యంతరం లేదు, ముందు భరతుణ్ణి చూపించు" అన్నాను. నోరు జారిందని అప్పుడు తెలిసింది. ఆవిడ చేతిలో మార్కరు పెన్ను పట్టుకుని సూట్‌కేసుల మీద పేర్లు రాస్తోంది. తలెత్తి నావైపు చూసింది.

"అదా సంగతి! నాలుగు పెట్టెల మీదా మీ పేరు ఇంతింత అక్షరాలతో నేనే రాశాను. బోర్డే కావాలంటే ఒకటి నెత్తిన పెట్టుకుని నిలబడండి. మీ పేరు మీకు కనపడకపోయినా ఎయిర్‌పోర్టంతా చదువుకుంటుంది."

మెట్రో వస్తే ఈ గొడవలన్నీ ఉండవని మావాడు మధ్యలో ఒక మాట వేశాడు. విమానాశ్రయానికి మెట్రో అంటూ 2022 డిసెంబరులో రాయదుర్గం వైపు నుంచి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక దారి మారి నాగోలు, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా అన్నారు. అంటే మా వైపు నుంచే. ఆ వార్త చదివినప్పుడు మా ఆవిడ ముఖం వెలిగిపోయింది, నా గుండె జారిపోయింది. మెట్రో స్టేషన్లో బోర్డు పట్టుకుని ఎవడు నిలబడతాడు? ఆ పని ఎంత నిదానంగా సాగితే అంత మంచిదని కోరుకునే హైదరాబాదీని బహుశా నేనొక్కణ్ణే.

మాకు తెలిసిన ట్రావెల్స్ ఓనరుకి ఫోన్ చేశాను. డాలస్‌కీ హైదరాబాద్‌కీ వేసవిలో పదిన్నర గంటల తేడా. నాకు సాయంత్రం నాలుగింటికి పుట్టిన సందేహం అతనికి అర్ధరాత్రి దాటాక రెండున్నరకు మోగేది. పాపం, మొదట్లో "చెప్పుండ్రి సార్" అనేవాడు. రానురాను ఊపిరి పీల్చడం మాత్రమే వినపడేది.

ముందు బండి సంగతి తేల్చాం. టికెట్టుకి మనిషికి 23 కిలోల పెట్టెలు రెండేసి. అంటే నాలుగు పెద్దవి, చేతి పెట్టెలు రెండు, మా ఆవిడ భుజం సంచి. డిజైర్ చాలదు. నలుగురు కూర్చునే బండే గానీ ట్యాక్సీల్లో చాలావాటికి డిక్కీలో సీఎన్‌జీ సిలిండరు ఇంటల్లుడిలా కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటుంది. దాని పక్కన ఒక పెట్టె దూరితే గొప్ప. మనుషుల లెక్క చెప్పి కారు మాట్లాడుకుని, రాత్రిపూట పార్కింగులో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు. చెప్పవలసింది పెట్టెల లెక్క.

"మీ ఇద్దరికి ఎర్టిగా మస్తు సార్. ఎన్క సీట్లు మడిస్తె నాలుగు పెట్టెలు పడ్తయి. ఎనిమిదొందలు తక్కువ" అన్నాడు ఓనరు. మంచి సలహా. ఎంత మంచి సలహా అంటే మా ఆవిడకు వినపడకూడదని స్పీకరు ఆపేశాను. ఎర్టిగా డ్రైవరు చేతిలో బోర్డు నా కళ్ళకు ఆనలేదు. "ఇన్నోవానే పంపండి. పసుపు నంబరు ప్లేటు బండి కావాలి" అన్నాను. తెల్ల ప్లేటు సొంత బళ్ళకిచ్చేది. దాన్ని కిరాయికి తిప్పితే పర్మిట్ ఉండదు, దారిలో ఏదైనా జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెడతారు. ఈ ఒక్క విషయంలో నేను చెప్పింది న్యాయమేనని మా ఆవిడ కూడా ఒప్పుకుంది.

తర్వాత తేదీ. ఇది మామూలు విషయం కాదు. విమానం తెల్లవారుజామున 2.50కి దిగుతుంది, టికెట్టు మీద ఆదివారం అని ఉంటుంది. విమానాల వాళ్ళకు అర్ధరాత్రి పన్నెండుకి రోజు మారుతుంది. మన పంచాంగంలో సూర్యుడు పొడిస్తే గాని వారం మారదు, మన బుర్రలూ అంతే. ఆదివారం రాత్రి అని చెబితే బండి మర్నాడు వస్తుంది. మా తోడల్లుడికి ఇలాగే జరిగింది. ఆయన దిగినప్పుడు డ్రైవరు ఇంట్లో గుర్రు పెట్టి నిద్రపోతున్నాడు, ఆయన ఇంట్లో గుర్రు పెట్టేటప్పుడు డ్రైవరు ఎయిర్‌పోర్టులో నిలబడి ఫోన్లు చేశాడు. నేను మా నాయనమ్మ పద్ధతిలో చెప్పాను: "శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం." ఓనరు వెంటనే అందుకున్నాడు. ఫ్లైట్ నంబరు కూడా ఇచ్చాను. అది ఉంటే విమానం ఆలస్యమైనా వాళ్ళే చూసుకుని బండి పంపుతారు. టైము మాత్రమే చెబితే వెయిటింగు చార్జీ గంటల లెక్కన పడుతుంది.

అన్నీ అయ్యాక గొంతు సవరించుకుని అడిగాను. "మీవాడు బోర్డు పట్టుకుంటాడా?"

"బోర్డెందుకు సార్, ఫోనున్నది గదా. బయటికొచ్చి కొట్టుండ్రి, రెండు నిమిషాల్ల బండి మీ ముంగట పెడ్తడు."

గుమ్మం ముందు బళ్ళు ఆగి ఉండనివ్వరట. ఎక్కించుకుని కదలాలి. అందుకే డ్రైవర్లు బయటెక్కడో ఆగి, ఫోన్ వచ్చాక లోపలికొస్తారు. బోర్డు పట్టుకోవాలంటే బండి పార్కింగులో పెట్టి, మనిషి నడిచి రావాలి. ఆ పార్కింగు డబ్బులు మనమే పెట్టుకోవాలి. పెట్టుకుంటానన్నాను. ఆ సంగతి మా ఆవిడకు చెప్పలేదు, బిల్లు చూసినప్పుడు తెలిసింది.

బయల్దేరేదాకా రోజూ ఓనరుని పలకరించాను. దుబాయ్‌లో విమానం మారేచోట మాత్రం కుదరలేదు. అక్కడ వాట్సాప్‌లో మెసేజీ పోతుంది, కాల్ పోదు. అటు ఓనరూ ఇటు మా ఆవిడా ఏకకాలంలో ప్రశాంతంగా ఉన్న గంటలవే.

శంషాబాద్‌లో దిగాం. పెట్టెలు నాలుగూ వచ్చాయి. బయటికి వచ్చేముందు బాత్రూంలోకి వెళ్ళి తల దువ్వుకున్నాను, చొక్కా సర్దుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు. అది మంచి లక్షణం కాదని నాకు తట్టి ఉండాల్సింది.

గుమ్మం దాటాను. కడ్డీ వెంబడి జనమే జనం. ఎవరో మాస్టర్స్ చదివి వస్తున్న కుర్రాడి కోసం ఏకంగా ఫ్లెక్సీ కొట్టించి తెచ్చారు. వాడి నవ్వు ముఖం, చుట్టూ మేనమామల ముఖాలు. దాని కింద బోర్డులు. బేగంపేట పెద్దమనిషిలా నింపాదిగా చూపు జరిపాను. నా పేరు లేదు. ఇంకోసారి, కాస్త వేగంగా. ఈలోగా నా ట్రాలీ చక్రం ఒకటి ఎడమకు లాగుతూ ఫ్లెక్సీలోని పెద్ద మేనమామ కడుపులోకి దూసుకుపోబోయింది. కళ్ళజోడు కోసం వెతికితే అది మా ఆవిడ సంచిలో, ఆ సంచి రెండో ట్రాలీ మీద, ఆ ట్రాలీ నాకు ఇరవై అడుగుల వెనకాల ఉంది.

సిమ్ము బతికే ఉంది. డ్రైవరుకి ఫోన్ కొట్టాను. అప్పుడు కనపడింది.

నా ఎదురుగానే ఒక కుర్రాడు సెల్‌ఫోను నెత్తికి పైన ఎత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. బోర్డు అదే. నల్ల తెర మీద తెల్ల అక్షరాలతో నా పేరు రాసి పెట్టాడట. అర నిమిషానికొకసారి తెర ఆరిపోవడం, అతను చెయ్యి దించి వేలితో పొడవడం, మళ్ళీ ఎత్తడం. ఇంటిపేరూ ఇంకో సగం పేరూ మాత్రమే తెరకు సరిపోయాయట. ఇవన్నీ తర్వాత తెలిసిన వివరాలు. నేను చూసినప్పుడు తెర మీద నా పేరు లేదు. నేనే ఫోన్ చేస్తున్నాను కదా, నా కాల్ వచ్చి నా పేరుని కప్పేసింది. ఆకుపచ్చ గుండీ, ఎర్ర గుండీ మిణుకుమంటుండగా, వాటి పైన, అతను నా నంబరుని ఏ పేరుతో దాచుకున్నాడో ఆ పేరు వెలుగుతోంది.

కళ్ళజోడు అక్కర్లేకపోయింది. మా ఆవిడ వెనకనుంచి వచ్చి గట్టిగా చదివింది.

"కర్మన్‌ఘాట్ నాలుగు పెట్టెలు."

ఫ్లెక్సీ వాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఏం చెయ్యను, ఇన్నేళ్ళ సాధన వృథా పోనివ్వలేక తల ఒక్క అంగుళం కిందికి ఊపాను. కుర్రాడు ఫోను దించి దగ్గరికొచ్చాడు.

"నమస్తే సార్. మీరేనా నాలుగు పెట్టెలు? మెడ పట్టిందా సార్? ఇమానంల కూసుంటె గట్లనే ఐతది."

"ఆయనకది పాత జబ్బే బాబూ" అంది మా ఆవిడ.

బండి ఎక్కాం. పార్కింగు చీటీ చూసి మా ఆవిడ దాన్ని మడిచి సంచిలో భద్రంగా దాచుకుంది, అది ఎప్పుడు బయటికొస్తుందో తెలియదు. ఇన్నోవా చల్లగా, మెత్తగా పోతోంది. ఆరాంఘర్ దాటాక డ్రైవరు ఫోను కుయ్యిమని అరిచి ఆరిపోయింది. విమానం ఆలస్యం, మా పెట్టెలు ఆలస్యం, అంతసేపూ తెర వెలిగించి పట్టుకుంటే బ్యాటరీ ఏం మిగుల్తుంది? బండిలో ఛార్జరు తీగ వదులు. దాంతోపాటు మ్యాపూ పోయింది. కుర్రాడిది పటాన్‌చెరు వైపు, ఇటు పక్క అలవాటు లేదు. చాంద్రాయణగుట్ట దగ్గర ఫ్లైఓవర్ ఎక్కమని నేను, కిందనుంచి పొమ్మని మా ఆవిడ. డ్రైవరు రెండు క్షణాలు ఆలోచించి మా ఆవిడ మాట విన్నాడు. చిన్నవాడైనా లోకజ్ఞానం ఉంది.

ఇల్లు చేరాక పెట్టెలు దింపి, ఓనరుకి చెప్పొద్దంటూ గొంతు తగ్గించి అన్నాడు: "సార్, మళ్ళెప్పుడన్న కావాల్నంటె నాకే డైరెక్టుగ కొట్టుండ్రి. మూడొందలు తక్కువల తీస్కపోత."

మా ఆవిడ తాళం తీస్తోంది. ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగి అడిగాను. "మరి బోర్డు?"

"ఫోన్ల ఛార్జింగ్ ఉంటె పట్టుకుంట సార్."