ఇది కట్టు కడుతుందా, కాలుస్తుందా?

మా ఇంట్లో అద్దాల బీరువా పై అరలో ఒక హెలికాప్టర్ గోడకి ముఖం పెట్టి నిలబడి ఉంటుంది. తప్పు దానిది కాదు.

అది హ్యూయీ. వియత్నాం యుద్ధం అనగానే కళ్ల ముందు ఎగిరే అమెరికన్ హెలికాప్టర్. అసలుదాని పై రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 48 అడుగులు. నాది 1/72 స్కేలు కాబట్టి 8 అంగుళాలు. ప్లాస్టిక్ ముక్కలు అతికించడం రెండు ఆదివారాల్లో అయిపోయింది. డెకాల్స్ దగ్గర మాత్రం మూడు వారాలు పట్టింది. నా తెలివి తెల్లారిందీ అక్కడే.

కాగితం మీద పల్చటి పొరగా అచ్చువేసిన గుర్తులే డెకాల్స్. ఒక్కోటీ కత్తిరించి నీళ్లలో నానబెడితే అడుగు జిగురు కరిగి పొర కదులుతుంది. బ్రష్షు మొనతో మోడల్ మీదికి జార్చుకోవాలి. ముందుగా మెరిసే వార్నిష్ వెయ్యి, మెరుపు చంపే కోటు ఆఖర్న వేసుకోవచ్చు అని తెలిసినవాళ్లంతా చెప్పారు. యుద్ధానికెళ్లే బండి పెళ్లికారులా తళతళలాడటమేమిటని, మెరుపు లేని ఆలివ్ డ్రాబ్ రంగు మీదే అతికించేశాను. ఆ రంగు కంటికి నున్నగానే ఉంటుంది, భూతద్దంలో గరుకు కాగితం. ఆ గరుకులో, పొర కింద గాలి చిక్కుకుపోయింది. తెల్లారి చూస్తే తోక మీద ‘యునైటెడ్ స్టేట్స్ ఆర్మీ’ అక్షరాల చుట్టూ చేప పొలుసుల్లా వెండి మెరుపు!

అంతా గీకేశాను. మళ్లీ రంగు, ఈసారి బుద్ధిగా వార్నిష్, డబ్బులు పెట్టి కొత్త డెకాల్ షీటు. ముక్కు మీద రావాల్సింది తెల్ల చదరంలో రెడ్ క్రాస్. హ్యూయీ ముక్కు గుండ్రంగా ఉంటుంది, చదునైన పొర దాని మీద కూర్చోదు. అందుకని పొరని మెత్తబరిచే మందు పూశాను. నిమిషంలో అది పాల మీద మీగడలా ముడతలు పడింది. అలాగే వదిలేస్తే ఆరేకొద్దీ తనంతట తనే ఒంపుకి అతుక్కుంటుంది. వదిలేస్తే కదా! చూపుడువేలితో అద్దాను. రెడ్ క్రాస్ నా వేలికి వచ్చేసింది. రెండోదానికి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. దిగింది. రంగు వేసినట్టే ఉంది. తలుపుల మీదవీ దిగాయి. ఇంటికొచ్చినవాళ్లందరికీ టార్చి వేసి మరీ చూపించాను.

పక్కింటి బాబాయిగారు సైన్యంలో వైద్య విభాగంలో చేసి రిటైరయ్యారు. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. పొలుసు కోసం వెతుకుతున్నారనుకుని నేను మురిసిపోతున్నాను.

“ఏమయ్యా, ఇది గాయాలకి కట్టు కడుతుందా, గాయాలు చేస్తుందా?”

కిట్‌లో రాకెట్ గొట్టాలు మిగిలాయి. బాగున్నాయి కదా అని రెండు వైపులా అతికించాను. వాటి పైనే, అంగుళం ఎడంలో, రెడ్ క్రాస్.

ఊరుకుంటే పోయేది. “ఫస్ట్ కావల్రీ డివిజన్ వాళ్ల అంబులెన్స్ హెలికాప్టర్లకి మెషిన్ గన్లు ఉండేవండీ” అన్నాను. అది నిజమే.

“మెషిన్ గన్ అంటే లోపలి పేషెంటుని కాచుకోడానికి అనుకుందాం. రాకెట్ దేనికి?”

పోనీ, తెలియక చేశానా? వియత్నాంలో డస్టాఫ్ అని పిలిచే అంబులెన్స్ హెలికాప్టర్ల గురించి పుస్తకాలు చదివినవాణ్ణి. గాయపడినవాళ్లని తేవడానికి వెళ్లి 1964 జులై 1న తూటాకి బలైన పైలట్ మేజర్ చార్లెస్ కెల్లీ గురించీ చదివాను. నన్ను కాల్చకండి అని చెప్పుకునే ఆ గుర్తు 1864 జెనీవా ఒప్పందం నాటిదనీ తెలుసు. అయినా షీటు మీద ఉన్న ఇన్ని గుర్తుల్లో దాన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆకుపచ్చ మీద ఎరుపూ తెలుపూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని. చొక్కా మీదికి టై ఎంచుకున్నట్టు.

ఆ రాత్రే ఎడమ వైపు గొట్టం పీకాను. దాంతో పాటు తలుపు రంగూ, రెడ్ క్రాస్‌లో సగమూ ఊడొచ్చాయి. కుడి వైపుది ముట్టుకోడానికి ధైర్యం చాల్లేదు. ఇప్పుడు ఎడమ పక్క నుంచి చూస్తే గొట్టం లేదు, గుర్తు సగమే ఉంది. కుడి పక్క రెండూ నిక్షేపంగా ఉన్నాయి. ఏ పక్క చూపించాలో తేలక ముక్కు గోడవైపు తిప్పాను. చుట్టాలకి తోకే కనిపిస్తుంది. అక్షరాల చుట్టూ పొలుసు మాత్రం లేదు.